కేన్ టోడ్‌ని గుర్తుపట్టడం ఒక ఎత్తు, ఎక్కడ కొట్టాలో తెలియడం ఇంకో ఎత్తు

ఆస్ట్రేలియాకి సొంత గోదురుకప్ప (ఇంగ్లీషులో టోడ్) అంటూ ఒక్కటి కూడా లేదు. వినడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ కథ మొత్తం దీని చుట్టూనే తిరుగుతుంది. అక్కడ 200కి పైగా కప్ప జాతులున్నాయి, చెట్లెక్కేవి, మట్టిలో దూరి నెలల తరబడి పడుకునేవి, అన్నీ ఉన్నాయి, కానీ గోదురుకప్పల కుటుంబం మాత్రం ఆ ఖండానికి తనంతట తాను ఎప్పుడూ చేరలేదు. అందుకే 1935లో మనుషులే తెచ్చి వదిలిన కేన్ టోడ్ అనే గోదురుకప్పని చూసి అక్కడి ఉడుములు, మొసళ్ళు ఇదేదో కొత్త కప్ప అనుకుని మింగి చచ్చాయి, అక్కడి మనుషులేమో కాస్త గరుకుగా గోధుమరంగులో ఏ కప్ప కనపడినా కేన్ టోడే అనుకుని కొట్టి చంపారు. రెండు వైపులా జరిగింది ఒకటే, గుర్తుపట్టలేకపోవడం.

అసలు ఎందుకు తెచ్చారంటే చెరకు కోసం. ఉత్తర క్వీన్స్‌ల్యాండ్‌లో చెరకుని పెంకుపురుగులు పాడు చేస్తున్నాయి, ఆ పురుగుల పిల్లలు భూమిలో ఉండి వేళ్ళు కొరికేస్తాయి, పైకి మొక్క ఎండిపోతుంది తప్ప పురుగు కనపడదు. అప్పటికే అక్కడ బ్రహ్మజెముడు లాంటి ముళ్ళ మొక్క లక్షల ఎకరాలు ఆక్రమిస్తే దక్షిణ అమెరికా నుంచి ఒక చిన్న చిమ్మెటని తెచ్చి దాన్ని అణిచేశారు, ఆ గెలుపు ఇంకా వేడివేడిగానే ఉంది. పోర్టోరికోలో ఈ కప్పలు పురుగుల్ని బాగా తింటున్నాయని 1932లో ఒక సభలో చెప్పారు, అదే ఏడాది హవాయికి తెచ్చారు, అక్కడి నుంచి 1935 జూన్‌లో రెజినాల్డ్ మంగోమెరీ అనే కీటక శాస్త్రవేత్త 101 కప్పల్ని క్వీన్స్‌ల్యాండ్‌లోని గోర్డన్‌వేల్ అనే ఊరి దగ్గరికి తీసుకొచ్చాడు. ఆగస్టు కల్లా సుమారు 2,400 పిల్లకప్పల్ని చెరకు తోటల్లోకి వదిలేశారు. వాల్టర్ ఫ్రాగట్ అనే రిటైరైన కీటక శాస్త్రవేత్త, ఇది అక్కడ అప్పటికే పీడగా మారిన కుందేలు లాగా పెద్ద పీడ అవుతుందని గట్టిగానే మొత్తుకున్నాడు, ఆయన మాట విని కొన్నాళ్ళు ఆపారు కూడా, కానీ 1936లో మళ్ళీ అనుమతి ఇచ్చేశారు, 1937 మార్చి నాటికి పెంచి వదిలిన పిల్లకప్పలు 62,000.

పురుగు మాత్రం పోలేదు. ఎందుకంటే పెద్ద పురుగు చెరకు ఆకుల పైన ఉంటుంది, కేన్ టోడ్ ఎక్కలేదు, పురుగు పిల్ల భూమిలో ఉంటుంది, కేన్ టోడ్ తవ్వలేదు. ఈ రెండు ముక్కలు వదలడానికి ముందు ఎవరైనా ఒక్క పొలం గట్టు మీద కూర్చుని చూసుంటే తెలిసిపోయేవి.

సరే, ఇక గుర్తుపట్టడం సంగతి. పెద్ద కేన్ టోడ్ అయితే అంత కష్టం కాదు. మామూలుగా 10 నుంచి 15 సెంటీమీటర్లు ఉంటుంది, కొన్ని ఇంకా పెద్దవి, 2023 జనవరిలో క్వీన్స్‌ల్యాండ్‌లోని కాన్వే నేషనల్ పార్క్‌లో రేంజర్లకి దొరికినది 2.7 కిలోలు తూగింది. కానీ సైజు చూసి తేల్చడం తప్పు, ఎందుకంటే పెద్ద సైజు స్థానిక కప్పలూ ఉన్నాయి, చిన్న కేన్ టోడ్‌లూ ఉన్నాయి. చూడాల్సింది తల. కళ్ళ మీద నుంచి ముక్కు దాకా ఎముక గట్టులా లేచి ఉంటుంది, కనుబొమ్మలు ముడి వేసినట్టు. కంటి వెనక భుజం మీద రెండు వైపులా ఉబ్బిన గ్రంథులుంటాయి, అవే విషపు సంచులు, పెద్దదానికి అవి కొట్టొచ్చినట్టు కనపడతాయి. చర్మం పొడిగా, పులిపిర్లు పులిపిర్లుగా ఉంటుంది. వెనక కాళ్ళ వేళ్ళ మధ్య తోలులాంటి పొర ఉంటుంది, ముందు కాళ్ళకి ఉండదు, వేళ్ళ చివర చెట్లకి అతుక్కునే గుండ్రటి మెత్తలు అసలే ఉండవు. ఇంకోటి, కూర్చునే తీరు, ముందు కాళ్ళ మీద ఛాతీ ఎత్తి నిటారుగా కూర్చుంటుంది, చాలా స్థానిక కప్పలు నేలకి నక్కి కూర్చుంటాయి.

వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా సరిపోదు. పులిపిర్లు చూసి తేల్చేస్తే మట్టిలో దూరే స్థానిక కప్పలు బలైపోతాయి, వాటికీ గరుకు చర్మమే, గోధుమ రంగే, లావు ఒళ్ళే. బాంజో కప్ప అని పిలిచే జాతిని కూడా ఇలాగే పొరపాటు పడి చంపేస్తుంటారు. తల మీద ఎముక గట్టు, భుజం మీద గ్రంథి, ఈ రెండూ కలిసి ఉంటే తప్ప పెద్ద కేన్ టోడ్ అని చెప్పకూడదు.

అసలు తలనొప్పి చిన్నవాటితో. నీళ్ళలో నుంచి అప్పుడే బయటికొచ్చిన పిల్ల సెంటీమీటరు ఉంటుందంతే, దానికి గ్రంథులు సరిగా ఏర్పడవు, గట్టు కనపడదు, చర్మం కూడా నున్నగా ఉంటుంది. నాలుగైదు సెంటీమీటర్లు దాటేదాకా ఫోటో చూసి తేల్చడం అనుభవం ఉన్నవాళ్ళకే కష్టం. ఇలాంటప్పుడు ఒక ఆధారం పనికొస్తుంది, ఈ బుల్లి పిల్లలు పట్టపగలు ఎండలో చెరువు గట్టు మీద గుంపులుగా తిరుగుతాయి, ఎందుకంటే తడి దాటి దూరం పోతే ఎండిపోతాయి, రాత్రి పూట వస్తే పెద్ద కేన్ టోడ్‌లే వాటిని తినేస్తాయి. సొంత జాతి పిల్లల్ని తినడంలో ఈ జీవికి మొహమాటం ఏమీ లేదు, ఈ విషయం తర్వాత ఇంకోసారి వస్తుంది.

గుడ్ల దగ్గర మాత్రం గుర్తుపట్టడం బాగా తేలిక. కేన్ టోడ్ గుడ్లు పొడవాటి జిగురు తాళ్ళలా ఉంటాయి, పారదర్శకంగా, లోపల నల్ల చుక్కలు వరసగా, నీటి మొక్కలకి చుట్టుకుని ఉంటాయి. ఆస్ట్రేలియా స్థానిక కప్పలు ఎక్కువగా నురగ ముద్దలాగానో, గుత్తులుగానో పెడతాయి. తోకకప్పలు అయితే ఒళ్ళంతా నల్లగా, చిన్నగా, పెద్ద గుంపుగా నెమ్మదిగా ఈదుతుంటాయి, గాలి కోసం పైకి రావు, స్థానిక తోకకప్పలు చాలావరకు మధ్యమధ్యలో పైకొచ్చి గాలి పీల్చి పోతాయి. ఒడ్డున పది నిమిషాలు కూర్చుని చూస్తే తేడా తెలుస్తుంది. ఇక అరుపు, మగది అరిస్తే దూరంగా ఎవరో బండి ఇంజిన్ ఆపకుండా వదిలేసినట్టు టుర్ర్ర్ర్ మని ఒకే స్థాయిలో సాగుతుంది, ఒకసారి విన్నాక మర్చిపోవడం కష్టం.

విషం ఎలా పనిచేస్తుందో కూడా తెలుసుకోవాలి, లేకపోతే మిగతా విషయం అర్థం కాదు. గ్రంథుల్లో తెల్లటి పాలలాంటి పదార్థం ఉంటుంది, అందులోని బుఫాడైనోలైడ్స్ అనే రసాయనాలు గుండె కణాల్లో సోడియం పొటాషియంని అటూ ఇటూ పంపే పంపుని ఆపేస్తాయి, గుండె లయ తప్పుతుంది. గుడ్డు నుంచి పెద్దకప్ప దాకా అన్ని దశల్లోనూ విషం ఉంటుంది. ఆసియా, ఆఫ్రికాల్లో గోదురుకప్పల మధ్య పుట్టి పెరిగిన ఉడుములు దీన్ని తట్టుకుంటాయి, ఆస్ట్రేలియా ఉడుములు తట్టుకోలేవు, జన్యువుల్లో చూస్తే తేడా నాలుగు అక్షరాలంత, అంతే. గోదురుకప్పలు లేని ఖండంలో లక్షల ఏళ్ళు ఉంటే ఆ రక్షణ అవసరం లేక పోయింది. ఫలితం ఏంటంటే టోడ్‌లు వచ్చిన చోటల్లా పసుపు మచ్చల ఉడుములు కొన్ని ప్రాంతాల్లో 90 శాతం పైగా తగ్గిపోయాయి, ఉత్తర క్వోల్ అనే, పిల్లి కన్నా చిన్నదైన సంచి జంతువు చాలా చోట్ల కనపడకుండా పోయింది, మంచినీటి మొసళ్ళు కుప్పలుగా చచ్చి తేలాయి. ఉత్తరాన ఉన్న కాకడు నేషనల్ పార్క్‌కి టోడ్‌లు 2001లో చేరాయి, వెస్టర్న్ ఆస్ట్రేలియా సరిహద్దు 2009లో దాటాయి.

ఇంట్లో కుక్క ఉన్నవాళ్ళకి ఈ విషం సంగతి ఇంకా దగ్గరి విషయం. కుక్క టోడ్‌ని నోట కరిస్తే నురగ కారుతుంది, చిగుళ్ళు ఎర్రబడతాయి, తల విదిలిస్తుంది, ముదిరితే ఫిట్స్ వస్తాయి. వెంటనే చేయాల్సింది తడిగుడ్డతో చిగుళ్ళు, నాలుక, బుగ్గల లోపల తుడవడం, గుడ్డ కడిగి మళ్ళీ మళ్ళీ తుడవడం, ఆ తర్వాత వెటర్నరీ డాక్టర్ దగ్గరికి పరుగెత్తడం. గొట్టం పెట్టి నోట్లోకి నీళ్ళు కొడితే విషం గొంతులోకే పోతుంది, అది చేయకూడదు. రాత్రి పూట కుక్క తిండి గిన్నె బయట వదలకపోవడం, వరండా లైటు ఆపేయడం కూడా లెక్కలోకి వస్తాయి, లైటుకి పురుగులొస్తాయి, పురుగులకి టోడ్‌లొస్తాయి. టోడ్ సరిగా ఎక్కలేదు, ఎత్తుకి దూకలేదు, అర మీటరు ఎత్తున సందుల్లేని కంచె చాలు చిన్న కొలనుని కాపాడుకోవడానికి. కొలను ఒడ్డు ఖాళీగా వాలుగా ఉంటే వాటికి ఇష్టం, ఒత్తుగా మొక్కలుంటే దిగడానికి ఇబ్బంది పడతాయి.

చంపే విషయానికొస్తే, గోల్ఫ్ కర్రలతో కొట్టడం, మీదకి కారు ఎక్కించడం లాంటివి చాలా కాలం అక్కడ ఒక ఆటలా నడిచాయి. క్రూరత్వం సంగతి అటుంచితే, అలా దూరం నుంచి చీకట్లో కొట్టినప్పుడే స్థానిక కప్పలు ఎక్కువ చస్తాయి, ఎందుకంటే తల చూసేంత దగ్గరికి ఎవరూ పోరు. పట్టుకుంటే గ్లోవ్స్ వేసుకుని, కళ్ళకి అద్దాలు పెట్టుకుని పట్టుకోవాలి, గ్రంథి నొక్కితే విషం చిమ్మే అవకాశం ఉంది. ముందు ఫ్రిజ్‌లో చల్లబరిచి తర్వాత ఫ్రీజర్‌లో పెట్టే పద్ధతి మీద చాలా కాలం గొడవ నడిచింది, గడ్డకట్టేటప్పుడు నొప్పి ఉంటుందని అనుకునేవాళ్ళు, 2015లో శాస్త్రవేత్తలు మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టి చూస్తే నొప్పి జాడ కనపడలేదు, చల్లబడే కొద్దీ మెదడు మెల్లగా ఆగిపోయింది. అయినా ఏది అనుమతి ఏది కాదు అన్నది ప్రాంతాన్ని బట్టి మారుతుంది, అక్కడి నియమం చూసుకునే చేయాలి.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఒక ఆడ టోడ్ ఒక్క విడతలో 8,000 నుంచి 30,000 గుడ్లు పెడుతుంది. ఒక ఊరివాళ్ళంతా కలిసి ఒక రాత్రి 500 పెద్ద టోడ్‌లు పట్టారనుకుందాం, పేపర్లో ఫోటో వస్తుంది, బకెట్లు నిండుతాయి. ఆ రాత్రి తప్పించుకున్న ఒకే ఒక్క ఆడది వారం తర్వాత వాన పడగానే చెరువులో దిగితే? అది 30,000 గుడ్లు పెడితే, వాటిలో నూటికి రెండు బతికినా పట్టినవాటి లోటు పూడిపోతుంది. పైగా పెద్దవి తగ్గితే పిల్లలకి పోటీ తగ్గుతుంది, ఇంకా ఎక్కువ బతుకుతాయి. వెస్టర్న్ ఆస్ట్రేలియా ఉత్తరాన ఉన్న కింబర్లీ ప్రాంతంలో వాలంటీర్లు ఏళ్ళ తరబడి రాత్రుళ్ళు మేలుకుని చేత్తో ఏరారు, వాళ్ళ కష్టాన్ని తక్కువ చేయడానికి లేదు, కానీ టోడ్‌ల గుంపు ఆగలేదు. ఎన్ని చంపాం అన్నది లెక్క పెట్టడం తేలిక కాబట్టే అందరూ అదే లెక్క పెడతారు, ఎన్ని మిగిలాయి అన్నది ఎవరి బకెట్‌లోనూ కనపడదు.

ఇంకో చిక్కు, గుంపులో అన్నిటికన్నా ముందు పోయే టోడ్‌లు మొదట వదిలినవాటి లాంటివి కావు. మొదట్లో ఏడాదికి 10 కిలోమీటర్లు కదిలేవి, ఇప్పుడు ఉత్తరాన 50 దాకా కదులుతున్నాయి. ఉత్తర తీరంలోని డార్విన్ నగరం దగ్గర ఫాగ్ డ్యామ్ వద్ద శాస్త్రవేత్తలు కాపు కాసి చూస్తే ముందుగా వచ్చినవాటి కాళ్ళు ఒళ్ళుతో పోలిస్తే పొడవు, వెనక వచ్చినవాటివి పొట్టి, ఇది 2006లో బయటపెట్టారు. ప్రతి తరంలోనూ వేగంగా పోయేవి ముందుకి చేరతాయి, అక్కడ వాటికి జత దొరికేది ఇంకో వేగంగా పోయేదే, వాటికి పుట్టేవి ఇంకా వేగంగా పోతాయి. ఎవరో పరుగు పందెం పెట్టి గెలిచినవాళ్ళకే పెళ్ళిళ్ళు చేస్తున్నట్టు. పెద్ద ఒళ్ళు వేసుకుని అంత దూరాలు దూకడం వల్ల ముందున్నవాటికి వెన్నెముకలో కీళ్ళ నొప్పులు కూడా వస్తున్నాయి, అయినా ఆగవు.

మరి ఎక్కడ కొడితే తగులుతుంది? ఒకటి, నీళ్ళలో. గుడ్ల తాళ్ళు కనపడితే గ్లోవ్స్ వేసుకుని బయటికి లాగి ఎండలో ఆరబెట్టేస్తే చాలు, వేల టోడ్‌లు ఐదు నిమిషాల్లో అయిపోయినట్టే, కాకపోతే రెండు మూడు రోజుల్లోనే పొదుగుతాయి కాబట్టి వాన పడ్డ వెంటనే చూడాలి. పొదిగాక ఇంకో దారి ఉంది, అదే ఇందాక అనుకున్న సొంత జాతిని తినే అలవాటు. ఒక చెరువులో ముందు పుట్టిన తోకకప్పలు తర్వాత వచ్చిన గుడ్లని వెతుక్కుంటూ పోయి తినేస్తాయి, పోటీ ఉండకూడదని. ఆ గుడ్లని పట్టించేది అందులో ఉండే విషం వాసనే. సిడ్నీ, క్వీన్స్‌ల్యాండ్ యూనివర్సిటీల వాళ్ళు ఇది పట్టుకుని, పెద్ద టోడ్ విషం నుంచి తీసిన పదార్థాన్నే ఎరగా పెట్టి నీళ్ళలో ఉచ్చు దింపితే కేన్ టోడ్ తోకకప్పలు వేలల్లో వచ్చి పడ్డాయి, స్థానిక తోకకప్పలు దాదాపు దగ్గరికే రాలేదు. మనిషి కళ్ళు పొరపాటు పడతాయేమో గానీ ఈ ఉచ్చులో గుర్తుపట్టే పని టోడ్‌లకే అప్పజెప్పారు, ఈ మొత్తం కథలో అన్నిటికన్నా తెలివైన పని ఇదే అనిపిస్తుంది.

జబ్బు పుట్టించి చంపే దారి కూడా చూశారు. 1990లలో సీఎస్‌ఐఆర్‌ఓ అనే ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు వెనిజులా నుంచి వైరస్‌లు తెచ్చి పరీక్షిస్తే అవి టోడ్‌ల కంటే ముందు స్థానిక కప్పల్ని చంపేలా ఉన్నాయి, దాంతో పక్కన పెట్టారు. 2018లో జన్యుపటం మొత్తం చదివారు, ఇప్పుడు తోకకప్ప దశ దాటి ఎప్పటికీ పెద్దవి కాని టోడ్‌లని జన్యువులు మార్చి తయారు చేసే పని నడుస్తోంది, అవి నీళ్ళలోనే ఉండిపోయి వచ్చిన గుడ్లన్నీ తింటూ ఉంటాయని ఆలోచన. ప్రయోగశాలలో బాగుంది, బయట వదలడం వేరే విషయం, 1935లో వదిలినవాళ్ళకి కూడా నమ్మకం బాగానే ఉండేది.

రెండోది, తినే జంతువుకి గుర్తుపట్టడం నేర్పడం. ఉడుము పెద్ద టోడ్‌ని తింటే చస్తుంది, ఆ పాఠం ఇంకెవరికీ పనికిరాదు. కానీ ఒళ్ళు తిరిగి వాంతి అయ్యేంత తక్కువ విషం ఉన్న చిన్న టోడ్‌ని ముందు తింటే జీవితంలో మళ్ళీ దాని జోలికి పోదు. కష్టం ఏంటంటే గుంపులో ముందొచ్చేవన్నీ పెద్దవే, చిన్నవి పుట్టేసరికి ఉడుములు ఉండవు. కాబట్టి గుంపు రాకముందే ఆ ప్రాంతానికి పోయి చిన్న టోడ్‌లని కావాలని వదలాలి. ఆక్రమించే జీవిని ఇంకా రాని చోట చేతులారా వదలడమంటే చాలామందికి మింగుడు పడలేదు, కానీ 2016లో ప్రచురించిన ప్రయోగంలో చిన్నది తిన్న ఉడుములు గుంపు వచ్చాక కూడా బతికాయి, తినని వాటిలో చాలావరకు పోయాయి. క్వోల్‌లకి వికారం తెప్పించే మందు కలిపి టోడ్ మాంసం పెట్టడం 2010 నాటికే మొదలైంది. ఆ తర్వాత కింబర్లీలో బునుబా తెగ రేంజర్లు, శాస్త్రవేత్తలు కలిసి చచ్చిన టోడ్‌ల విషపు భాగాలు తీసేసి వాంతి మందు ఎక్కించి మొసళ్ళకి వేలాడదీశారు, మొసళ్ళ చావులు బాగా పడిపోయాయి. అందరికీ మనుషులే నేర్పాలని కూడా లేదు, రకాలి అనే నీటి ఎలుకలు టోడ్‌ని వెల్లకిలా తిప్పి పొట్ట కోసి గుండె, కాలేయం మాత్రం తీసుకుని మిగతాది వదిలేస్తున్నాయి, ఎవరు నేర్పారో మరి. మీట్ చీమలకైతే ఆ విషం అసలు లెక్కే లేదు, పగలు గట్టు మీద తిరిగే బుల్లి పిల్లల్ని లాక్కుపోతాయి, చెరువు ఒడ్డున పిల్లి తిండి కొంచెం పెడితే చీమలు ఇంకా ఎక్కువగా వస్తాయి.

ఇదంతా ఆస్ట్రేలియా గొడవే కదా అనుకోవడానికి లేదు. ఫ్లోరిడాలో 1955లో మయామీ ఎయిర్‌పోర్ట్ దగ్గర సుమారు వంద తప్పించుకున్నాయి, అక్కడి కుక్కలకి ఇప్పుడు అది రోజువారీ ప్రమాదం. మడగాస్కర్‌లో 2014లో ఆసియా గోదురుకప్ప, అంటే దక్షిణాసియా అంతటా వానాకాలంలో గడపల దగ్గర కనపడే అదే మామూలు గోదురుకప్ప, రేవు పట్టణం టొమాసినా చుట్టుపక్కల బయటపడింది, మడగాస్కర్‌కి కూడా సొంత గోదురుకప్ప లేదు, అక్కడి పాములకీ ఇదే ప్రమాదం. అదే జాతి ఓడల కంటైనర్లలో ఆస్ట్రేలియా రేవుల్లో కూడా దొరుకుతోంది, దానికి తల మీద గట్లు, పులిపిర్ల కొనలు నల్లగా కాటుక పెట్టినట్టు ఉంటాయి, కాబట్టి అక్కడ గుర్తుపట్టాల్సిన జాబితాలో ఇంకోటి చేరింది.

ఇక మూడోది, నీళ్ళే లేకుండా చేయడం. టోడ్ చర్మం నుంచి నీరు పోతూనే ఉంటుంది, ఎండాకాలంలో కొన్ని రోజులకి ఒకసారైనా తడి తగలకపోతే చచ్చిపోతుంది. ఎడారి లాంటి ప్రాంతాల్లో వాటిని బతికిస్తున్నది పశువుల కోసం మనుషులు కట్టిన మట్టి కుంటలే. నార్తర్న్ టెరిటరీలో అలాంటి కుంటల చుట్టూ చిన్న కంచెలు కడితే టోడ్‌లు కంచె బయటే ఎండిపోయి చచ్చాయి. ఇప్పుడు అందరి కళ్ళూ వెస్టర్న్ ఆస్ట్రేలియాలో బ్రూమ్, పోర్ట్ హెడ్లాండ్ అనే ఊళ్ళ మధ్య ఉన్న తీరం మీద ఉన్నాయి, అక్కడ గ్రేట్ శాండీ ఎడారి సముద్రం దాకా వస్తుంది, ఎండాకాలంలో పశువుల నీళ్ళు తప్ప చుక్క ఉండదు. ఆ సన్నటి ముక్కలో కుంటలు పూడ్చి, వాటి బదులు టోడ్‌లు చేరలేని ట్యాంకులు, ఎత్తు తొట్లు పెట్టి, లీకయ్యే పైపులు బాగు చేస్తే గుంపు కింబర్లీలోనే ఆగిపోతుందని, దాని కింద దక్షిణాన ఉన్న పిల్బరా ప్రాంతం మొత్తం మిగులుతుందని అంచనా. పని చూస్తే ప్లంబర్ పనే, బకెట్లు నిండవు, ఫోటోకి పనికిరాదు. ఒక్క తొట్టి వదిలేసినా, ఒక్క లారీ సరుకులో దాక్కుని ఒక్క ఆడ టోడ్ అవతలికి చేరినా మళ్ళీ మొదటికొస్తుంది, కాబట్టి ఆ తొట్లని తడిమి చూసేవాళ్ళు ఏటా వానలకి ముందు అక్కడ ఉండాల్సిందే.